శ్రీహరికోట: దీవా, కాదా?

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం రిటైర్డ్ సోషల్ అయ్యోరు ఒకాయన మాట్లాడింది ఇది. ఫోన్‌లో రికార్డు చేసుకుని, విని రాసింది. ఆయన మాట ఆయన మాటగానే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసదాకా వినపడుతోందా? సరే.

ముందు ఒక సంగతి చెప్పేస్తాను, మేము మీ జిల్లాకి కొత్త కోడళ్ళం. 2022 ఏప్రిల్ 4 దాకా సూళ్ళూరుపేట అంటే నెల్లూరు జిల్లా, ఆ రోజు పొద్దున లేచేసరికి తిరుపతి జిల్లా అయిపోయింది. ఇల్లు కదల్లేదు, గేదె కదల్లేదు, అడ్రసు మాత్రం మారింది. మాకు బాధేం లేదు లెండి, వెంకన్న ఉన్న జిల్లా. కానీ ఆ ఒక్క ఉత్తర్వుతో మీకు ఏం వచ్చిందో మీలో చాలామందికి తెలియదు. కొండ ఎటూ ఉంది. ఇప్పుడు సముద్రం వచ్చింది. దేశంలో ఒడిశా చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు, పులికాట్, వచ్చింది. ఆ సరస్సుకీ సముద్రానికీ మధ్య సన్నగా, దారం చుట్టిన కదురులా మధ్యలో లావుగా కొసల్లో సన్నగా ఉండే శ్రీహరికోట వచ్చింది.

శ్రీహరికోట అనగానే మీకు రాకెట్ గుర్తొస్తుంది. తప్పు లేదు. మా బడి పిల్లలు కూడా బొమ్మ గీయమంటే రాకెట్టే గీసేవాళ్ళు, కింద నీళ్ళు గీసినవాడు ఒక్కడు లేడు. నేను ఈ సాయంత్రం ఆ నీళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను.

ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. ప్రతి ఏడాదీ ఒకే ప్రశ్న, "చుట్టూ నీళ్ళుంటే ద్వీపం, మూడు వైపులా ఉంటే ద్వీపకల్పం, మరి మన శ్రీహరికోట ఏది?" పుస్తకంలో ద్వీపం అని ఉంటుంది, నేనూ ద్వీపం అనే చెప్పేవాణ్ణి, మార్కులు పడాలి కదా. ఒకసారి వెనక బెంచీలో రాయదొరువు వైపు నుంచి వచ్చే కుర్రాడు లేచి, "సార్, ఎండాకాలం మా తాత ఆడికి నడిచే పోతాడు" అన్నాడు. నేను వాణ్ణి కూర్చోబెట్టేశాను. ఆ మాట మాత్రం ఇన్నేళ్ళూ నన్ను కూర్చోనివ్వలేదు.

సరస్సు అసలు ఎట్లా పుట్టిందో రెండు ముక్కల్లో చెప్తాను. కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే లోపలికి ఉండేది. తర్వాత వెనక్కి తగ్గుతూ, అలలు మోసుకొచ్చిన ఇసుకను ఒడ్డుకు సమాంతరంగా దిబ్బగా పోస్తూ పోయింది. దిబ్బకి ఇవతల చిక్కుకున్న నీళ్ళు సరస్సు అయినాయి, ఆ దిబ్బే శ్రీహరికోట. సరస్సు అడుగున ఇప్పటికీ గుల్ల తగులుతుంది, పాత గవ్వల పొర. దాన్ని తవ్వి కాల్చి సున్నం చేసేవాళ్ళు. మా ఇంటి పాత గోడకి ఆ గుల్ల సున్నమే, ఇవాళ్టికీ మేకు దిగదు.

ఈ సరస్సుకి ఉప్పు ఒక్కటే కాదు, మంచినీళ్ళూ వస్తాయి. మా ఊరి పక్కన కాళంగి వచ్చి కలుస్తుంది, దక్షిణాన తమిళనాడు వైపు అరణి. మీ స్వర్ణముఖి కూడా చంద్రగిరి కొండల్లో పుట్టి, తిరుచానూరు, కాళహస్తి, నాయుడుపేట దాటుకుని మా ఉత్తరపు దిక్కునే సముద్రంలోకి పోతుంది. అంటే కొండ మీద పడిన వాన మా వైపే దిగుతుంది, మనకు చుట్టరికం ఉత్తర్వుతో మొదలైంది కాదు. వానాకాలంలో ఏర్లు పొంగితే సరస్సు దాదాపు తియ్యగా అయిపోతుంది. సముద్రం ఉప్పు లీటరుకి 35 గ్రాములు అనుకుంటే, మే నెల్లో సరస్సు ఎండి చిక్కబడి అది 50 కూడా దాటుతుంది. సముద్రంకంటే ఉప్పు! నిండుగా ఉన్నప్పుడు నాలుగొందల యాభై చదరపు కిలోమీటర్లు, తగ్గినప్పుడు రెండొందల యాభై. ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదిలే జీవి లాంటిది. ఆ ఊపిరి తీసేది ముఖద్వారాల నుంచి. సముద్రానికీ సరస్సుకీ మధ్య దారులు మూడు: దక్షిణాన పులికాట్ ఊరి దగ్గర ఒకటి, ఉత్తరాన మన వైపు కొండూరుపాళెం, రాయదొరువు. ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి, చివర్లో అడుగుతాను. (నవ్వులు)

ఇప్పుడు పక్షులు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఫ్లెమింగోలు సైబీరియా నుంచి వస్తాయని ఇరవై ఏళ్ళు పిల్లలకి చెప్పాను. పేపర్లో అట్లాగే రాసేవాళ్ళు, స్టేజీ మీద వక్తలు అట్లాగే చెప్పేవాళ్ళు, వినడానికి గొప్పగా ఉండేది కూడా. తీరా చూస్తే మన దేశంలో ఫ్లెమింగోలు పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లో, కచ్ రణ్‌లో. సైబీరియా వైపు నుంచి వచ్చేవి బాతుల్లో, చిన్న చిన్న ఒడ్డు పిట్టల్లో ఉన్నాయి, ఇది మాత్రం అక్కడి మనిషి కాదు. అప్పుడు నా దగ్గర చదువుకున్న వాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే, దిద్దుకోండి.

అది తినే తీరు మీరు దగ్గర్నుంచి చూడాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దగ్గర ఆగి, పొద్దున ఏడు లోపల, ఎండ వెనకనుంచి పడేట్టు నిలబడండి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముందుగా కాళ్ళతో బురద తొక్కుతుంది, అట్లాగే, మన ఆడవాళ్ళు తొట్లో దుప్పటి తొక్కినట్టు. బురద లేవగానే తల పూర్తిగా తలకిందులు చేసి ముక్కు నీళ్ళలో పెడుతుంది. మనకి కింది దవడ కదులుతుంది కదా, దాని తల తిరగబడి ఉంటుంది కాబట్టి పై ముక్కు కిందికి వస్తుంది. నాలుకతో పిచికారీ కొట్టినట్టు నీళ్ళు లోపలికి లాగి బయటికి తోస్తుంది, ముక్కు అంచుల్లో జల్లెడ లాంటి పళ్ళుంటాయి, నాచు, పురుగులు, చిన్న రొయ్యలు లోపల మిగిలిపోతాయి. ఆ గులాబీ రంగు కూడా దాని సొంతం కాదు, తిండిలోనుంచి వచ్చేదే. తిండి మారితే తెల్లబడిపోతుంది. ఇంత పెద్ద పక్షికి కావలసిందల్లా జానెడు, మూరెడు లోతు నీళ్ళు. ఎక్కువైనా పనికిరాదు, ఎండినా పనికిరాదు. లోతు తప్పితే మరుసటి రోజుకి ఒక్కటీ ఉండదు.

గూడబాతులది, అదే పెలికాన్లది, వేరే కథ. అవి పులికాట్‌లో తింటాయి, కాపురం మాత్రం నేలపట్టులో. దొరవారిసత్రం దగ్గర చిన్న ఊరు, చెరువులో సగం మునిగిన కడప చెట్లుంటాయి, ఆ చెట్ల మీద గూళ్ళు. 458 హెక్టార్ల చిల్లర, 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. అక్టోబరు వానలు పడి చెరువు నిండితే దిగుతాయి, చెట్ల చుట్టూ నీళ్ళుంటేనే గుడ్లు పెడతాయి, ఎందుకంటే పిల్లి, నక్క ఈదుకుంటూ రావు కదా. తల్లి పులికాట్‌కి పోయి గొంతు సంచీ నిండా చేపలు తెస్తుంది, పిల్ల తల మొత్తం ఆ సంచీలోకి దూర్చి తింటుంది, బయటికి తోక ఒక్కటే కనపడుతుంది. అక్కడ ఒక పెద్దావిడని అడిగాను, "అమ్మా, వాసన భరించలేం కదా, ఎట్లా ఉంటారు?" అని. "పురిటికొచ్చిన ఆడబిడ్డల్ని వాసనని ఎల్లగొడతామా నాయనా" అంది. ఊరికే ప్రేమ అని కూడా అనుకోకండి, వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి పారితే అదే ఎరువు అని అక్కడి రైతులకి బాగా తెలుసు. ప్రేమా ఉంది, లెక్కా ఉంది.

జనవరిలో జరిగే పండగ సంగతి, అదే, ఫ్లెమింగో ఫెస్టివల్, 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ పెట్టారు. దాని మీద నాకు పెద్దగా చెప్పాలని లేదు. స్పీకర్లు ఎక్కువ, పిట్టలు తక్కువ.

మనుషుల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైనది ఇదే. శ్రీహరికోటలో అందరికంటే ముందున్నది యానాదులు. "అనాది" నుంచి యానాది అయిందంటారు, నిజమో కాదో గానీ మాట సరిపోయింది. 1835లో ఆ దీవి కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఎందుకు? మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు కావాలి. అడవిలో ఏముందో దొరలకి తెలియదు, తెలిసినవాళ్ళు యానాదులు. తేనె, చింతపండు, కుంకుడుకాయ, ముష్టి గింజలు, సుగంధిపాల వేళ్ళు, అన్నీ వాళ్ళే ఏరి తెచ్చి ప్రభుత్వానికి ఇచ్చేవాళ్ళు.

వాళ్ళు తవ్వి తెచ్చినదాంట్లో ఒకటుంది, చిరివేరు. ఇసుకలో పెరిగే చిన్న మొక్క, పైన చూస్తే గడ్డి పరక, లాగితే మూరెడు సన్నటి వేరు. ఆ వేరు పటికతో కలిసి బట్టకి పట్టించే ఎరుపు ఉతికేకొద్దీ నిగ్గుతేలేదని పేరు. ఈ తీరంలో నేసి, అద్దిన బట్టల కోసం ఓడలేసుకుని వచ్చినవాళ్ళే డచ్చివాళ్ళు, 1613లో పులికాట్‌లో కోట కట్టారు, గెల్డ్రియా అని. వాళ్ళని చూసి ఇంగ్లీషువాళ్ళు 1626 ప్రాంతంలో మన దుగరాజపట్నం దగ్గర, ఆర్మగాన్ అనే చోట, దుకాణం తెరిచారు. ఆరుముగం మొదలియార్ అనే ఆయన సాయం చేశాడనీ, ఆ పేరే నోరు తిరక్క ఆర్మగాన్ అయిందనీ అంటారు. అక్కడ వ్యాపారం కుదురుకోలేదు. ఆ ఆర్మగాన్‌లో ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి 1639లో మద్రాసు జాగా సంపాదించాడు. అంటే మద్రాసుకి పునాది మా దగ్గర గిట్టుబాటు కాకపోవడం! మన కాళహస్తి కలంకారీ చూసి మురిసిపోయేటప్పుడు, ఆ ఎరుపు వెనకాల ఎండలో గునపం పట్టుకుని ఇసుక తవ్విన యానాది ఆడమనిషి ఒకామె ఉండొచ్చు అని నేను అనుకుంటుంటాను. ఓడల వాళ్ళ పేర్లు రాసి పెట్టారు, ఆమె పేరు ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత అదే జనాన్ని దొంగల కులం అని పట్టీలో రాశారు, స్టేషనుకి పోయి హాజరు వేయించుకోవాలి. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ళకోసం జీవితమంతా పోరాడారు. ఆ నేరస్థ తెగల చట్టం దేశం మొత్తం మీద 1952లో గాని పోలేదు. చట్టం పోయినా, మా చిన్నప్పుడు ఊళ్ళో కోడి పోతే ముందు ఎవరి గుడిసె వెతికేవాళ్ళో నేను చెప్పక్కర్లేదు.

మా పొలంలో ఎలుకలు పట్టడానికి వచ్చే ఒక తాత ఉండేవాడు. కుండకి అడుగున చిన్న చిల్లు, లోపల వరిగడ్డి, నిప్పు. కుండ మూతి కలుగుకి ఆనించి, అడుగు చిల్లులోంచి నోటితో ఊదితే పొగంతా కలుగులోకి పోతుంది. మిగతా కలుగులన్నీ ముందే మట్టితో మూసేసి ఉంటాడు, ఒకటి మాత్రం వదిలి పక్కన కూర్చుంటాడు. ఎలుకలు అయిపోయాక కలుగు తవ్వి, అది దాచుకున్న వడ్లు తీసి తువ్వాల్లో మూట కట్టుకునేవాడు. ఎలుక మా దగ్గర దొంగిలిస్తే, దాని దగ్గర్నుంచి ఆయన వసూలు చేసేవాడు. ఆయనే నాకు దొరువు తవ్వడం నేర్పించాడు.

దొరువు అంటే ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఇద్దరు. ఆ ఊరి పేరే చూడండి, రాయదొరువు. సముద్రపు ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట. తాత నన్ను దిబ్బ మీద కూర్చోబెట్టి, కొబ్బరి చిప్పతో ఇసుక తోడుతున్నాడు. ఇటు సరస్సు ఉప్పు, అటు సముద్రం ఉప్పు, మధ్యలో మంచినీళ్ళు ఎట్లా వస్తాయని నేను నవ్వాను. మోచేతి లోతు దాటాక ఇసుక తడిసింది, ఇంకొంచెం తీస్తే అడుగున చెమరిస్తున్నట్టు నీళ్ళు ఊరాయి. మొదటి చిప్ప పారబోశాడు, రెండోది పారబోశాడు, మూడోది నాకిచ్చాడు. తియ్యటి నీళ్ళు. "లోతు పోవాకయ్యోరా, ఉప్పు లేస్తాది" అన్నాడు. నేను సైన్సు మాస్టర్ని అడిగితే గాని అర్థం కాలేదు. వాన నీళ్ళు ఉప్పు నీళ్ళకంటే తేలిక, అందుకని ఇసుక లోపల ఉప్పు నీళ్ళ మీద మీగడలా తేలుతూ ఉంటాయి. నెమ్మదిగా తీసుకుంటే మీగడ వస్తుంది, మోటారు పెట్టి లాగితే కింది ఉప్పు పైకి లేస్తుంది. ఇప్పుడు రొయ్యల గుంటల పక్కన చేతిపంపుల్లో వచ్చేది ఆ రెండోదే.

ఇరకం, వేనాడు దీవుల గురించి చెప్పకపోతే అక్కడివాళ్ళు నన్ను పడవెక్కనివ్వరు. ఇరకం పోవాలంటే తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ. వేనాడులో దర్గా ఉంది, గంధం పండగకి హిందువులూ ముస్లిములూ కలిసే పోతారు, మా అమ్మ మొక్కులు కూడా అక్కడే. ఒక మార్చి నెల్లో మా పడవ ఇరకం దారిలో బురదలో దిగబడిపోయింది. ఇంజను ఆపేసి అందరం దిగి తోశాం, మోకాళ్ళ దాకా బురద, నా ఒక చెప్పు ఇంకా అందులోనే ఉంది. పడవ నడిపే ఆయన మాత్రం టెన్షన్ పడకుండా బీడీ వెలిగించి, "అయిదేళ్ళ కింద ఈ చోట గడకర్ర అందేది కాదు" అన్నాడు.

బకింగ్‌హాం కాలువ కూడా ఈ సరస్సు మీదుగానే పోయేది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా ఆ కాలువలో కొంత భాగం ధాత కరువులో, అంటే 1876, 77, 78లలో, కూలి కోసం వచ్చిన జనం తవ్వింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. శ్రీహరికోట కట్టెలు పడవల్లో ఆ కాలువ మీద మద్రాసు చేరేవి. తుఫానులు కొట్టి, రైళ్ళూ లారీలూ వచ్చి కాలువ పూడిపోయింది, అంతే.

ఇక రాకెట్లు. 1969లో చోటు ఎంచుకున్నారు. తూర్పు వైపంతా సముద్రం, ఏది రాలినా నీళ్ళలో పడుతుంది. భూమి తూర్పుకి తిరుగుతోంది, మన అక్షాంశం దగ్గర ఆ వేగం గంటకి 1,600 కిలోమీటర్ల పైమాటే, తూర్పుకి వదిలిన రాకెట్‌కి అది ఉచితంగా వస్తుంది. జనం తక్కువ. తక్కువే గాని లేకపోలేదు, ఊళ్ళు ఖాళీ చేశారు, కొందరు ఇటొచ్చారు, కొన్ని యానాది కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ లేచింది. 1979లో ఉపగ్రహాన్ని మోసే ఎస్‌ఎల్‌వి రాకెట్ సముద్రంలో పడింది, 1980 జూలై 18న నిలబడింది. ఇప్పటికీ ప్రయోగానికి ముందు పెద్ద పెద్ద సైంటిస్టులు కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వస్తారు, తలుపులు ఎప్పుడూ మూయని గుడి అది. కొందరు దీన్ని ఎగతాళి చేస్తారు. నాకైతే అందులో నవ్వాల్సిందేమీ కనపడలేదు, ఊరికి వచ్చినవాళ్ళు ఊరి అమ్మని పలకరించారు.

ఒక విచిత్రం చెప్పాలి. ఆ కంచె వేసి, తుపాకి పట్టుకుని కాపలా కాయబట్టే ఆ అడవి మిగిలింది. పాల చెట్లు, నేరేడు, చిల్ల చెట్లు, బెత్తం పొదలు, రాత్రిపూట దేవాంగ పిల్లి. తూర్పు తీరంలో ఇట్లాంటి ఎండు సతతహరితం అడవి, అంటే పొడి నేలలోనూ ఏడాదంతా పచ్చగా ఉండేది, ఇంత ముక్క మిగలడం అరుదు. చిల్లగింజ తెలుసుగా? కుండ లోపల అరగదీస్తే బురద నీళ్ళు తేటపడతాయి. మద్రాసుకి కట్టెలై పోవాల్సిన అడవి రాకెట్ వల్ల నిలిచింది. అదే రాకెట్ కోసం వేసిన రోడ్డు, దాదాపు 18 కిలోమీటర్లు, సరస్సుని అడ్డంగా కోసింది. తూములు పెట్టారు, అవి చాలవు. రోడ్డుకి ఉత్తరాన ఉన్న నీళ్ళు దక్షిణపు ముఖద్వారాన్ని చూడాలంటే ఆ తూముల్లోంచి దూరాలి. ఉత్తరాన ఉన్న రెండు ద్వారాలూ ఇసుకతో పూడుతున్నాయి. అందుకే అటకానితిప్ప ఉత్తరం వైపు మే నెల్లో పగుళ్ళిచ్చిన నేల, లారీ తోలుకోవచ్చు. ఒక్కరిది తప్పు అనడానికి లేదు, ఇసుక మోసేది సముద్రమే, ఏర్లలో నీళ్ళు పైనే ఆపుకునేది మనమే, పూడిక తీస్తామని ప్రతి ఎన్నికకీ ఎవరో ఒకరు వస్తారు, తీసినా మళ్ళీ పూడుతుంది, ఏటేటా తీయాల్సిన పని అది.

రొయ్య సంగతి చూడండి, ఇదంతా అర్థమవుతుంది. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి ఆనని పిల్ల పోటుతో పాటు ముఖద్వారం దాటి సరస్సులోకి వచ్చి, నాచులో దాక్కుని పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతుంది. పండుగప్ప, పీత, అన్నీ దాదాపు ఇదే పాట. తలుపు మూస్తే లోపలికి పిల్ల రాదు, వలలో పడేది ఉండదు, పక్షికి తిండి ఉండదు, పక్షి రాకపోతే మీరూ జనవరిలో రారు. మా వైపు జాలరి కుర్రాళ్ళు ఇప్పుడు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేస్తున్నారు. జీతం వస్తోంది, మంచిదే. వాళ్ళ నాయన వల మాత్రం దండెం మీద ఉంది.

(సభలో ఒక అమ్మాయి: "సార్, ఇంతకీ అది ద్వీపమా, ద్వీపకల్పమా?")

కూర్చోమ్మా, ఈసారి ఎవర్నీ కూర్చోబెట్టి తప్పించుకోను. పోయిన మే నెల్లో రాయదొరువు పోయాను, ఆ కుర్రాడి మాట నిజమో కాదో చూద్దామని. ముఖద్వారం ఎక్కడా అని అడిగితే, మేకలు కాసే ఆయన, "మీరు నిలబడిందే సామీ" అన్నాడు. చుట్టూ చూశాను, ఇసుక. పంచె ఎగ్గట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని అటు ఒడ్డుకి నడిచాను. మడమ కూడా తడవలేదు.